భద్రాచలం బయల్దేరుతున్నారా?



భద్రాచలాన్ని మనలో చాలామందిమి కళ్ళతో చూడకముందే చెవులతో చూశాం. శ్రీరామనవమి నాడు పొద్దున్నే పానకం కలిపి, వడపప్పు నానబెట్టి, ఇంటిల్లిపాదీ రేడియో చుట్టూ చేరే రోజులుండేవి. ఉషశ్రీగారి ప్రత్యక్ష వ్యాఖ్యానం వింటుంటే జీలకర్రా బెల్లం మన చేతిలోనే ఉన్నట్టు, తలంబ్రాలు మన నెత్తిమీదే పడుతున్నట్టు అనిపించేదని మా అత్తమ్మ ఇప్పటికీ చెబుతుంది. అలా వినీ వినీ ఆ ఊరు మనకి బాగా తెలిసిన ఊరే అనుకుంటాం. చిక్కంతా అక్కడే వచ్చింది. తెలిసిన ఊరికి పోయేటప్పుడు ఎవరూ దారి అడగరు, మంచిచెడ్డలు కనుక్కోరు. పులిహోర కలిపి డబ్బాలో సర్దుకుని, పిల్లల్ని రెక్క పట్టుకుని బయల్దేరిపోతారు.

మాది ఖమ్మం. ఖమ్మంలో ఇల్లున్నవాళ్ళకి భద్రాద్రి రాముడి పేరు చెప్పి ఏడాది పొడుగునా చుట్టాలు వస్తూనే ఉంటారు. వాళ్ళకి కాఫీలిచ్చి పంపించడం, తిరిగొచ్చాక వాళ్ళు పడ్డ పాట్లు వినడం ఇరవై ఏళ్ళుగా నా వంతు. ఆ అనుభవంతోనే ఈ నాలుగు మాటలూ చెబుతున్నాను.

మా ఆడపడుచు కూతురు దక్షిణాఫ్రికాలో ఉంటుంది. అక్కణ్ణించి ఓసారి పక్కనే ఉన్న ఎస్వాతిని అనే చిన్న దేశానికి వెళ్ళొచ్చింది. 2018 దాకా దాన్ని స్వాజీలాండ్ అనేవారు. మూడు వైపులా దక్షిణాఫ్రికా, ఒక వైపు కొంత మొజాంబిక్, మధ్యలో అరచెయ్యంత దేశం. ఆ నాలుగు రోజుల ప్రయాణానికి నెల ముందునుంచీ వివరాలు రాసుకుందట. ఎండలెప్పుడు, వానలెప్పుడు, సరిహద్దు దగ్గర ఏ కాగితం చూపించాలి, పల్లపు ప్రాంతంలో మలేరియా దోమ ఉంటుందంటే ఏం చెయ్యాలి, ఇవన్నీను. ఆ పిల్లే సెలవులకి వచ్చి భద్రాచలం వెళ్ళినప్పుడు ఒక్క ప్రశ్న వెయ్యలేదు. "మన రాముడి గుడేగా అత్తా!" అంది. నిజానికి ఎండ, వాన, సరిహద్దు, దోమ - ఈ నాలుగూ భద్రాచలంలోనూ ఉన్నాయి. పైగా ఒక మహానది కూడా ఉంది.

ముందు పేరు దగ్గరే ఒక మోసం చెప్పాలి. రైలు టికెట్టు మీద 'భద్రాచలం రోడ్' అని ఉంటుంది. అది భద్రాచలం కాదు, కొత్తగూడెం. డోర్నకల్లు దగ్గర పెద్ద లైను నుంచి చీలి అడవిలోకి వచ్చే బ్రాంచి లైను మీద ఉంది ఆ స్టేషను. గుడి అక్కణ్ణించి ఇంకా నలభై కిలోమీటర్లు. విజయనగరం నుంచి వచ్చిన మా దూరపు చుట్టాలు ఒకసారి అర్ధరాత్రి అక్కడ దిగి, సామాన్లు నెత్తినెట్టుకుని "గుడి ఏ వైపు నాయనా, నడిచిపోతాం" అని అడిగారట. ఆ ఆటో అబ్బాయి మంచివాడు కనక నవ్వకుండా స్టేషన్లో కూర్చోబెట్టి, తెల్లవారుజామున బస్సెక్కించాడు. చంటిపిల్లలతో వెళ్ళేవాళ్ళు పగటిపూట దిగే రైలే చూసుకోండి. రోడ్డు మీద వచ్చేవాళ్ళకి హైదరాబాదు నుంచి సుమారు మూడువందల పది కిలోమీటర్లు, ఖమ్మం నుంచి నూట ఇరవైకి కాస్త తక్కువ. పాల్వంచ దాటి, సారపాక కాగితం మిల్లు పక్కనుంచి వచ్చి వంతెన ఎక్కగానే అవతల గుడి గోపురం కనిపిస్తుంది. మా అత్తమ్మ చిన్నతనంలో అక్కడ వంతెన లేదు, రేవు దాటాల్సిందే. 1965లో రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు వంతెన ప్రారంభించాక ఆ పాట్లు తీరాయి. ఇప్పుడు దాని పక్కనే రెండోది కూడా వచ్చింది.

ఇక ఎప్పుడు వెళ్ళాలి? నవమికే వెళ్ళాలని అందరికీ ఉంటుంది. అది మార్చి చివర్లోనో ఏప్రిల్లోనో వస్తుంది. కొత్తగూడెం, పాల్వంచ, భద్రాచలం అంటే ఎండలు దంచే ఊళ్ళు. నేల కింద బొగ్గు, నేలమీద కరెంటు కేంద్రం, నెత్తిన సూర్యుడు అంటుంటాడు మా వీధి పోస్టుమాను. కల్యాణం మిథిలా స్టేడియంలో చేస్తారు. పందిళ్ళు వేస్తారు, మంచినీళ్ళిస్తారు, మజ్జిగిస్తారు. కాదనను. కానీ పొద్దున్నే చోటు పట్టుకుని, కల్యాణం అయి జనం కదిలేదాకా ఆ ఉక్కలో కూర్చోవడం పెద్దవాళ్ళకీ, గర్భిణులకీ, పాలుతాగే పిల్లలకీ మంచిది కాదని నా మాట. గుడిలో నిత్యకల్యాణం జరుగుతూనే ఉంటుంది. మామూలు రోజున వెళితే ముందు వరసలో కూర్చుని కళ్ళారా చూడొచ్చు. అయినా నవమికే పోతామంటే మాత్రం ఒక సీసాలో ఉప్పూ పంచదార నీళ్ళు కలుపుకోండి. కాచి చల్లార్చిన లీటరు నీళ్ళకి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చెంచాలు కోలగా, అంటే తలకొట్టి కొలవాలి, కుప్పగా కాదు. ఉప్పు ఎక్కువైతే పిల్లలకి మేలుకి బదులు కీడు జరుగుతుంది.

తలంబ్రాలకోసమే ఆ జనంలో పడేవాళ్ళున్నారు. కోరుకొండ వైపు భక్తులు వడ్లని రోకలి తగలనివ్వకుండా గోళ్ళతో ఒలిచి ఆ బియ్యాన్ని కల్యాణానికి తెస్తారు. తానీషా కాలంనాటి ఆనవాయితీగా ప్రభుత్వం వైపునుంచి ముత్యాల తలంబ్రాలూ, పట్టువస్త్రాలూ వస్తాయి. ఇప్పుడు ఆ ముత్యాల తలంబ్రాలని రుసుము కడితే ఆర్టీసీ కార్గోవాళ్ళు ఇంటికే చేరుస్తున్నారు. కీళ్ళనొప్పుల అత్తగార్లున్న ఇళ్ళకి ఇది పెద్ద ఊరట.

నన్నడిగితే కార్తీకం నుంచి మాఘం దాకా మంచి రోజులు. అడవి పచ్చగా ఉంటుంది, నీళ్ళు తేటపడతాయి. ముక్కోటికి ముందురోజు సాయంత్రం గోదావరిలో హంసవాహనం మీద తెప్పోత్సవం, మర్నాడు తెల్లవారుజామున ఉత్తరద్వార దర్శనం. ఆ వేళకి ఏటి ఒడ్డున చలి ఎముకలు కొరుకుతుంది. శాలువాలు మర్చిపోకండి.

వానాకాలం సంగతి విడిగా చెప్పాలి. భద్రాచలంలో ఒక్క చినుకు పడకపోయినా గోదావరి పొంగవచ్చు. పైన మహారాష్ట్రలోనూ, ఛత్తీస్‌గఢ్‌లోనూ కురిసిన వాన ప్రాణహిత, ఇంద్రావతి నదుల్లోంచి దిగి ఇక్కడికి చేరడానికి వ్యవధి పడుతుంది. కింద కూనవరం దగ్గర శబరి నది వచ్చి కలుస్తుంది. అది కూడా నిండుగా ఉంటే గోదావరి ముందుకి పోలేక ఎగదన్నుతుంది. అందుకని ఆకాశం చూసి ప్రయాణం పెట్టుకోకూడదు, వార్తలు విని పెట్టుకోవాలి. నీటిమట్టం అడుగుల్లో చెబుతారు. 43 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఈ మూడు అంకెలూ ఫోను నంబరులాగా గుర్తుపెట్టుకోండి. మొదటి హెచ్చరిక వచ్చిందంటే స్నానఘట్టాల దగ్గరికి పిల్లల్ని పోనివ్వకండి. ఊళ్ళో ఉంటే దర్శనం చేసుకుని వెనక్కి రండి, పక్క ఊళ్ళు పెట్టుకోకండి. నీరు పెరిగేకొద్దీ కూనవరం, చింతూరు వైపూ, దుమ్ముగూడెం, చర్ల వైపూ పల్లపు రోడ్లు మునుగుతాయి. వెళ్ళిన దారే తిరిగి రావడానికి ఉండదు. రెండో హెచ్చరిక దాటితే ఇంట్లోంచే కదలొద్దు.

అంత భయం ఎందుకంటారేమో. 1986 ఆగస్టులో ఇక్కడ గోదావరి 75.6 అడుగులకి వచ్చింది. ఊరికి కరకట్ట కట్టాక ఇంక ఫరవాలేదనుకున్నారు. 2022 జూలైలో 71.3 అడుగులకి వచ్చింది. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. అవతల ఉన్నవాళ్ళు అవతలే, ఇవతల ఉన్నవాళ్ళు ఇవతలే.

గుడి గురించి కొత్తగా చెప్పేదేముంది? కంచర్ల గోపన్న కథ మీకు తెలుసు. మా జిల్లా నేలకొండపల్లిలో పుట్టి, పాల్వంచ పరగణాకి తాసీల్దారై, సర్కారు సొమ్ముతో గుడి కట్టించి, గోల్కొండ చెరలో పన్నెండేళ్ళు మగ్గి రామదాసయ్యాడు. కానీ ఆయనకన్నా ముందు ఒక ఆడమనిషి ఉంది. పోకల దమ్మక్క, భద్రిరెడ్డిపాలెం గిరిజన భక్తురాలు. పుట్టలో ఉన్న రాముణ్ణి గోదావరి నీళ్ళు పోసి పోసి ఆ మట్టి కరిగించి బైటికి తెచ్చి, పందిరి వేసి, తాటిపండు నైవేద్యం పెట్టిందని స్థలపురాణం. గుడి కట్టిన తాసీల్దారు పేరు ఊరూరా తెలుసు, మొదట పందిరి వేసిన అక్క పేరు ఎంతమందికి తెలుసు? పిల్లలకి క్యూలో నిలబడ్డప్పుడు ఈ కథ చెప్పండి, పొద్దుపోతుంది. లోపలికి వెళ్ళాక రాముడికి నాలుగు చేతులుండడం, సీతమ్మ ఆయన ఎడమ తొడమీద కూర్చుని ఉండడం గమనించండి. ఆ రెండు క్షణాల్లో కంగారుపడి కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుని, చూడకుండానే బైటపడేవాళ్ళని ఎంతమందిని చూశానో. గుడి గుట్టమీద ఉంది, మెట్లెక్కాలి. మధ్యాహ్నం కొన్ని గంటలు తలుపులు వేస్తారు. ఆ సమయానికి చేరితే మాడే రాళ్ళమీద నిరీక్షణే. పొద్దున్నే దర్శనం చేసుకోవడం అన్నివిధాలా మేలు. దేవస్థానం వారి గదులు కావాలంటే ముందే రాయించుకోండి.

ఇప్పుడు సరిహద్దు విషయం. దీనిదగ్గరే చాలామంది తికమకపడుతున్నారు. 1959 దాకా భద్రాచలం తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది, ఆ తరవాత ఖమ్మంలో కలిసింది. 2014లో రాష్ట్రం రెండయినప్పుడు పోలవరం ముంపు మండలాలని ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. భద్రాచలం పట్టణం మాత్రం తెలంగాణలో ఉండిపోయింది, 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉంది. చుట్టూ ఉన్న ఏటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు అనే అయిదు ఊళ్ళూ ఆంధ్రలోకి పోయాయి. రాముడి గుడి ఒక రాష్ట్రంలో, పురుషోత్తపట్నంలో ఉన్న రాముడి పొలాలు ఇంకో రాష్ట్రంలో. ఊరి చివర సెలూనుకి వెళ్ళొచ్చినంతలో రాష్ట్రం మారిపోతుంది. పర్ణశాల తెలంగాణలోదే, కానీ దారి ఏటపాక మీదుగా, అంటే ఆంధ్రలోంచి పోయి మళ్ళీ తెలంగాణలో తేలుతుంది. మా మేనగోడలు చెప్పిన ఆ చిన్న దేశం నాకు ఇక్కడే గుర్తుకొచ్చేది.

దీనివల్ల మనకేమిటంటే, బస్సు టికెట్టు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితం. అది తెలంగాణ చిరునామా ఉన్నవాళ్ళకి. ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం వచ్చింది, అది ఆంధ్ర చిరునామా ఉన్నవాళ్ళకి. మీ కార్డు ఏ రాష్ట్రానిదో ఆ రాష్ట్రపు బస్సులోనే చెల్లుతుంది. హద్దు దాటిపోయే తెలంగాణ బస్సయితే తెలంగాణ హద్దు దాకా సున్నా టికెట్టు, అక్కణ్ణించి డబ్బు టికెట్టు. కండక్టరుతో "నిన్న రానిచ్చారు కదా, ఇవాళేమొచ్చింది" అని తగువు పెట్టుకోకండి, పాపం అతని చేతుల్లో ఏమీ లేదు. అసలు కార్డు దగ్గరుంచుకోండి, జిరాక్సు కాదు. సూపర్ లగ్జరీలకి ఈ ఉచితం వర్తించదు. పసుపు బోర్డు కారు మాట్లాడుకుంటే హద్దు దాటడానికి పర్మిటు ఉందా, ఆ ఖర్చు ఎవరిది అని ఎక్కకముందే తేల్చుకోండి. దారిలో దించేసి "అమ్మా, అది వేరే రాష్ట్రం" అన్న డ్రైవరు కథ మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటాం, ఆ రోజు మాత్రం నవ్వు రాలేదు. సరిహద్దు దారుల్లో పోలీసులు బండి ఆపి ఎవరు, ఎక్కడికి అని అడగడం మామూలే. మగవాళ్ళ కార్డులు కూడా మీ సంచీలోనే ఉంచుకోవడం మంచిది, అడిగినప్పుడు వాళ్ళకి ఎలాగూ దొరకవు.

చూడవలసినవి ఎక్కువమంది అనుకున్నంత దగ్గరగా ఉండవు. ఏటపాక మాత్రం కూతవేటు దూరం. జటాయువు పడిన చోటని దానికి జటాయుపాక అని పేరు. గుండాలలో ఏటి ఒడ్డున ఇసక తవ్వితే వెచ్చటి నీళ్ళు ఊరతాయి. పిల్లలకి భలే సరదా. నీరు తగ్గి ఇసక తేలిన రోజుల్లోనే వెళ్ళండి. ఏటి ఒడ్డున లోతు తెలియని చోట కాలు పెట్టొద్దు. పర్ణశాల ముప్పై అయిదు కిలోమీటర్లు. అక్కడికి వెళ్ళి "ఇంతేనా" అనేవాళ్ళున్నారు. పెద్ద గోపురాలు ఉండవు మరి. వనవాసం ఘట్టాల బొమ్మలు, సీతవాగు, ఆ వాగులో రంగురంగుల రాళ్ళు. సీతమ్మ పసుపూ కుంకుమల గుర్తులనీ, ఆరేసుకున్న చీర ఆనవాళ్ళనీ చూపిస్తారు. పంచవటి మాదేనని నాసిక్ వాళ్ళంటారు. ఆ తగువు మనకెందుకు? ఎండాకాలం వాగు ఎండిపోతుంది, అది తెలుసుకుని వెళ్ళండి. తిరుగుదారిలో వీలుంటే పాల్వంచ దగ్గర కిన్నెరసాని డ్యాము, జింకల పార్కు చూసుకోవచ్చు.

పాపికొండలు అనగానే పిల్లలు ఎగురుతారు. భద్రాచలం వైపు నుంచి వెళ్ళేవాళ్ళు కూనవరం దాటి పోచవరం రేవులో బోటెక్కుతారు. అది ఆంధ్రలో ఉంది. రెండు గంటలకి పైనే రోడ్డు ప్రయాణం, ఆపైన నీటిమీద. అటూ ఇటూ కొండలు, పేరంటాలపల్లి శివాలయం, వెదురుతో అందంగా బొమ్మలు చేసి అమ్మే కొండరెడ్లు. చూడదగ్గదే. కానీ 2019 సెప్టెంబరు 15, ఆదివారం నాడు గండిపోచమ్మ వైపునుంచి బయల్దేరిన బోటు కచ్చులూరు దగ్గర మునిగి ఎన్ని ఇళ్ళలో దీపాలారిపోయాయో మీకు గుర్తుండే ఉంటుంది. ఆ రోజు నది వరదమీద ఉంది. తరవాత కంట్రోలు రూములు పెట్టారు, నియమాలు గట్టి చేశారు. అయినా మన జాగ్రత్త మనది. లైఫ్ జాకెట్టు ఇస్తే ఉక్కపోస్తోందని విప్పి సీటుకింద పెట్టేది ఎక్కువగా మనమే. చీరమీద బాగుండదనీ, ఫొటోలో లావుగా కనిపిస్తామనీ! దిగేదాకా విప్పకండి. పిల్లల కొలతకి సరిపోయే జాకెట్టు ఉందో లేదో రేవులోనే అడగండి, పెద్దవాళ్ళది పిల్లాడికి తగిలిస్తే నీళ్ళలో పైకి జారిపోతుంది. లేదంటే ఆ బోటెక్కొద్దు, డబ్బు పోతే పోయింది. నది మెలిక తిరిగే చోట అందరూ ఫొటోలకి ఒక పక్కకి పరుగెత్తుతారు. మీరు కూర్చోండి, పిల్లల్ని కూర్చోబెట్టండి. వరద రోజుల్లో బోట్లు ఆపేస్తారు. అప్పుడు బతిమాలి, ఎక్కువిచ్చి నాటుపడవ మాట్లాడుకునే మగవాళ్ళుంటారు. అక్కడ మీరు మొహమాటం లేకుండా అడ్డుపడండి.

ఆ దారుల్లో కోయ పల్లెలు తగులుతాయి. సంతరోజు అయితే అడ్డాకులు, చింతపండు, తేనె, ఇప్పపువ్వు పోసుకుని ఆడవాళ్ళు కూర్చుని ఉంటారు. బేరం ఆడండి, తప్పులేదు, కానీ మన ఊళ్ళో కొట్లో నోరెత్తకుండా పోసేదాంట్లో సగానికి అడగడం మనకే సిగ్గు. పిల్లనెత్తుకున్న తల్లిని అడగకుండా ఫొటో తియ్యడం ఇంకా సిగ్గు. మన గడపలో ఎవరైనా అలా చేస్తే ఊరుకుంటామా? భద్రాచలంలో ఐటీడీఏ వారి గిరిజన మ్యూజియం ఉంది, ముందు అది చూసి వెళితే ఆ పల్లెల్ని చూసే చూపు మారుతుంది. గిరిజన మహిళలు చేసే చిరుధాన్యాల బిస్కెట్లు కూడా దొరుకుతాయి, చుట్టాలకి పంచడానికి బాగుంటాయి.

చివరికి దోమ దగ్గరికి వస్తున్నాను. అసలు ఈ ప్రసంగం చెప్పాలనిపించింది దానిగురించే.

మా పక్కింటివాళ్ళు పదిహేనేళ్ళ కొడుకుతో భద్రాచలం వెళ్ళి, చింతూరు వైపు తెలిసినవాళ్ళ ఊళ్ళో రెండు రాత్రులు ఉండి వచ్చారు. పిల్లాడు ఆరుబైట మంచం వేసుకుని పడుకున్నాడు. చుక్కలు ఎంత బాగున్నాయో అని వచ్చి నాకే చెప్పాడు. పన్నెండో రోజున చలితో జ్వరం. ఇంటికి దగ్గర్లో చూపించారు. ఊళ్ళో అందరికీ వస్తున్న జ్వరమే అన్నారు, మాత్రలిచ్చారు. తగ్గడం, మళ్ళీ రావడం. నాలుగోరోజుకి పిల్లాడు తడబడుతూ మాట్లాడాడు. పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. నేనూ వెంట వెళ్ళాను. అక్కడి డాక్టరు మొదట అడిగిన ప్రశ్న, "ఈ నెలలో ఎక్కడికైనా వెళ్ళారా?"

ఆ తల్లి, "ఎక్కడికీ లేదండీ" అంది.

నేను గోకాను. "గుడికి వెళ్ళారుగా వదినా!"

"అది గుడికి కదా" అంది. దేవుడి దగ్గరికి వెళ్ళి రావడం ఆమె లెక్కలో ఊరు వెళ్ళడం కాదు.

"ఏ గుడికమ్మా?" అన్నాడాయన. భద్రాచలం, చింతూరు అనగానే రక్తపరీక్ష రాశాడు. ఫాల్సిపేరం మలేరియా. మెదడుకి ఎక్కుతోందన్నారు. పిల్లాడు దక్కాడు. ఇప్పుడు ఇంజనీరింగు చదువుతున్నాడు. కానీ ఆ రెండు రాత్రులు ఆసుపత్రి వరండాలో ఆ తల్లి పక్కన కూర్చున్నదాన్ని నేను.

అందుకని చెబుతున్నాను. భద్రాచలం పట్టణంలో ఒక పూట ఉండి వచ్చేవాళ్ళు హడలిపోనక్కర్లేదు. అడవి పల్లెల్లో రాత్రి ఉండేవాళ్ళు మాత్రం జాగ్రత్తపడాలి. ఈ దోమ వాగుల పక్కన పారీపారని మంచినీళ్ళలో పెరుగుతుంది, మురికి కాలవలు లేవు కదా అని ధీమా పనికిరాదు. కుట్టేది పొద్దుగూకినప్పటినుంచి తెల్లారేదాకా. సాయంత్రానికల్లా పిల్లలకి పొడుగు చేతుల చొక్కాలు, కాళ్ళు కప్పే పైజామాలు వెయ్యండి. దోమతెర తీసుకెళ్ళండి. చీరల మధ్య పెడితే పెద్ద బరువేం కాదు. తెర అంచులు పరుపు కింద దోపాలి, ఊరికే వేలాడదీస్తే లోపల దోమకి విందు. ఒంటికి రాసుకునే క్రీము పసిపిల్లలకి రాసేముందు దాని మీద వయసు ఎంతని రాశారో చదవండి. గర్భిణులు అలాంటి ఊళ్ళలో రాత్రి ఉండకపోవడమే మంచిది. తప్పకపోతే డాక్టర్ని అడిగి బయల్దేరండి. వాళ్ళకి మలేరియా వస్తే రెండు ప్రాణాలకీ ముప్పు.

జ్వరం అక్కడుండగా రాదు. ఇంటికొచ్చి, బట్టలుతుక్కుని, ప్రసాదాలు పంచుకుని, ప్రయాణం సంగతే మర్చిపోయాక వస్తుంది. ఎక్కువగా వారం, రెండు వారాలకి. ఒక్కోసారి నెలకి. వైవాక్స్ అనే రకమైతే నెలల తరవాత కూడా తిరగబెడుతుంది. జ్వరం వచ్చిన రోజే, డాక్టరు అడిగినా అడగకపోయినా, "మేము ఏజెన్సీ వెళ్ళొచ్చాం, మలేరియా పరీక్ష చేయించండి" అని మీరే చెప్పండి. వేలి చివర చుక్క రక్తంతో కాసేపట్లో తేలిపోయే పరీక్ష ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా చేస్తారు. భద్రాచలంలో ఉండగానే జ్వరం వస్తే అక్కడ ప్రభుత్వ ఏరియా ఆసుపత్రి ఉంది, ఆ జ్వరం వాళ్ళకి కొట్టిన పిండి. ఇంట్లో మిగిలిన మాత్రలు వేసి చూద్దామనుకోకండి. వైవాక్స్‌కి పద్నాలుగు రోజుల మందు కూడా ఇస్తారు, జ్వరం మూడోరోజే తగ్గిందని మిగతావి డబ్బాలో పడేస్తే మళ్ళీ మొదటికొస్తుంది.

నేను చేసే పని ఒకటుంది. చుట్టాలు అడవి ఊళ్ళకి వెళ్ళొస్తే, వాళ్ళు తిరిగొచ్చిన తారీకు చుట్టూ వంటింట్లో క్యాలెండరు మీద పెన్సిలుతో సున్నా చుట్టి, పక్కన 'అడవి' అని రాస్తాను. ఆ నెలలో ఎవరికి ఒళ్ళు వెచ్చబడినా ముందు ఆ సున్నా కంటపడుతుంది. మళ్ళీ నెల ఆ తారీకు వచ్చేదాకా చెరపను.